తాళంచెవి ఎవరి చేతికి?

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ గురించి తెలుసుకోగోరే విద్యార్థికి పెద్దలు మొదట సూచించే రచన ఎరిక్ రేమండ్ గారి 'ద కెథీడ్రల్ అండ్ ద బజార్'. 1997లో ఒక సమావేశంలో చదివిన ఈ వ్యాసం 1999లో పుస్తకంగా వచ్చింది. ప్రోగ్రాం అనేది కొద్దిమంది తలుపులు వేసుకుని కట్టే ఆలయంలా కాక, అందరూ వచ్చిపోయే సంతలా తయారైతే మేలని ఇందులోని వాదన. సోర్స్ కోడ్ నలుగురి కంటా పడితే తప్పులు త్వరగా దొరుకుతాయంటారు రచయిత. శైలి హాయిగా ఉంటుంది. ఇప్పటికీ చదవదగినదే. కాని ఇందులో ఒక పెద్ద లోటు ఉంది.

రేమండ్ గారు తన కథనే ఉదాహరణగా చెబుతారు. కార్ల్ హ్యారిస్ అనే ఆయన రాసిన 'పాప్‌క్లయంట్' అనే మెయిల్ ప్రోగ్రాంకు ఈయన కొన్ని సవరణలు పంపారు. హ్యారిస్‌కు అప్పటికే దానిపై ఆసక్తి పోయింది. మీరే చూసుకోండని అప్పగించారు. అదే తరువాత 'ఫెచ్‌మెయిల్' అయింది. సవరణలు పంపేవాడు మెయింటైనర్, అంటే నిర్వాహకుడు, అయిన ఈ ఘట్టం వ్యాసంలో చప్పున దాటిపోతుంది. ఆసక్తి తగ్గినప్పుడు సమర్థుడికి అప్పగించడం ధర్మమని ఒక సూత్రం చెప్పి ముందుకు సాగిపోతారు. ఆ సమర్థుణ్ణి గుర్తించేదెలా?

కోడ్ రాయడం వేరు, నిర్వహణ వేరు. వచ్చిన ప్రతి సవరణనూ చదవాలి. పనికిరానిదాన్ని నొప్పించకుండా తిప్పిపంపాలి. కొత్త వెర్షన్ విడుదల చేయాలి. ఏళ్ల తరబడి ఫిర్యాదులకు జవాబివ్వాలి. వీటిలో చాలా భాగం ఎవరి కంటా పడదు, జీతమూ ఉండదు.

2024లో బయటపడిన 'ఎక్స్‌జెడ్' ఉదంతం ఈ లోటును ఎత్తిచూపింది. ఫైళ్లను కుదించే ఈ ప్రోగ్రాం లినక్స్ యంత్రాలన్నిటా వాడుకలో ఉంది. దాన్ని లాసే కోలిన్ అనే ఫిన్‌లాండ్ ప్రోగ్రామర్ ఏళ్లుగా దాదాపు ఒంటరిగా చూసుకుంటూ వచ్చారు. 2021 చివర 'జియా టాన్' అనే పేరుతో ఒకరు సవరణలు పంపసాగారు. మంచి సవరణలే. 2022లో మరికొన్ని పేర్లతో ఒత్తిడి మొదలైంది: పని నత్తనడక నడుస్తోంది, ఇంకొకరిని చేర్చుకోండని. తనకు మానసిక ఆరోగ్య సమస్యలున్నాయనీ, ఇది జీతం లేని పని అనీ కోలిన్ గారు చెప్పుకున్నారు. క్రమంగా టాన్‌కు నిర్వహణ హక్కులు దక్కాయి. 2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో విడుదలైన రెండు వెర్షన్లలో దొంగదారి ఉంది.

దాన్ని పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు. దూరపు యంత్రంలోకి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆయన ఆరా తీశారు. మార్చి 29న లోకానికి తెలిపారు. జియా టాన్ ఎవరో నేటికీ తేలలేదు.

ఇక్కడ రేమండ్ గారి సిద్ధాంతం సగం నిలిచింది. కోడ్ తెరిచి ఉన్నందువల్లే ఫ్రాయిండ్ మూలం దాకా వెళ్లగలిగారు. కాని దొంగదారిని తెరిచే ముక్క అందరూ చూసే కోడ్‌లో లేదు. విడుదల కోసం కట్టిన మూటలో మాత్రమే ఉంది. ఆ మూట కట్టేది నిర్వాహకుడే. వేయి కళ్లున్నా అటు చూసినవి తక్కువ.

ఇంకొక సంగతి గమనించండి. హ్యారిస్ అప్పగింతకూ కోలిన్ అప్పగింతకూ పద్ధతిలో పెద్ద తేడా లేదు. మంచి సవరణలు పంపాడు, ఓపిక ఉన్నవాడు, ఇచ్చేద్దాం. ఒకసారి నిజాయితీపరుడు దొరికాడు, ఒకసారి మోసగాడు. కోలిన్ గారిని తప్పుపట్టేవారితో నేను ఏకీభవించను. తప్పంతా ఆయన్ని ఒంటరిగా వదిలేయడంలో ఉంది.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీ తెలుగు ఇళ్లలో పిల్లలకు ఇది కొత్త సంగతి కాదు. కట్నీ వైపు ఖోంగ్‌సరా దాటితే ఘాట్, సొరంగం వస్తాయి. ఎంత నేర్పరి అయిన డ్రైవరైనా ఆ దారి ముందుగా తెలిసినవారితో తిరిగి, నేర్చుకున్నానని సంతకం పెట్టాకే స్వయంగా బండి నడపాలి. అప్పుడు కూడా ఇంజనులో ఇద్దరుంటారు. సిగ్నల్ రంగు ఒకరికొకరు పైకి చెప్పుకుంటారు. సాఫ్ట్‌వేర్‌లోనూ ఇలాంటి ఏర్పాట్లు లేకపోలేదు. 1993లో మొదలైన డెబియన్ సంస్థ కొత్త సభ్యుల గుర్తింపును ధ్రువీకరించి, ప్రశ్నలడిగి, పని పరీక్షించి గాని పూర్తి హక్కులివ్వదు. నోమ్ అనువాద బృందాల్లో అనువాదకుడు, సమీక్షకుడు, కోడ్‌లో చేర్చేవాడు, సమన్వయకర్త అనే అంచెలున్నాయి. ఇవి జాప్యం చేస్తాయన్నది నిజమే. చిన్న ప్రాజెక్టులకు అంతమంది మనుషులు దొరకరన్నదీ నిజమే.

ఫెచ్‌మెయిల్ కూడా కొన్నేళ్లకు రేమండ్ గారి చేతుల్లోంచి ఇతరులకు మారింది. ఆ రెండో అప్పగింత ఎలా జరిగిందో ఆయన అంతే వివరంగా రాసి ఉంటే, సంత సిద్ధాంతం కంటే అదే విద్యార్థులకు ఎక్కువ ఉపయోగపడేది.