దీపమునకు తగిన చోటు

మన బెంగుళూరులో బ్యాడ్మింటను క్రీడాశాలలకు కొదువ లేదు. అందు తీసిన ఛాయాచిత్రములకును కొదువ లేదు. కాని పెక్కింట ముఖము సున్నము పూసినట్లు తెల్లనై, వెనుక గోడపై నల్లని నీడ పడియుండును. ఫ్లాషును కెమెరాపైననే ఉంచుట దీనికి కారణము. ఎదుటినుండి పడు వెలుగు అవయవముల పొంకమును చెఱపివేయును. ఆ దీపమునే వేఱుచేసి, ఎత్తున ఒక ప్రక్క నిలిపి, రేడియో సంకేతముచే వెలిగించినచో వెలుగునీడలు ఏర్పడి చిత్రమునకు లోతు కలుగును.

వేగము మఱియొక చిక్కు. అమలాపురపు చిరంజీవి సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డి 2023లో కొట్టిన స్మాషు వేగము గంటకు 565 కిలోమీటర్లు. సెకనులో 250వ వంతున అట్టి షటిలు 60 సెంటీమీటర్లకు పైగా సాగిపోవును. చిత్రమున చారయే మిగులును. శాలలోని వెలుగు మందముగానున్నచో, తక్కువ శక్తితో వెలిగించిన ఫ్లాషు సెకనులో 10,000వ వంతున మెఱసి ఆరి, దానిని నిలిపి చూపగలదు. ఈ విద్యకు 1930లలో అమెరికాలో బాటవేసినవారిలో హెరాల్డ్ ఎడ్జర్టన్ ముఖ్యుడు.

అయినను చిత్రము కొఱకు ఆటను చెఱుపరాదు. పైకి చూచు ఆటగాని కన్నులకు మెఱుపు శత్రువు. పోటీలలో ఫ్లాషును వలదనుట న్యాయమే. సాధనవేళ, ఆటగాని అనుమతితోనే దీపము నిలుపవలెను. 2001లో ఆల్ ఇంగ్లండు గెలిచిన శ్రీ పుల్లెల గోపీచంద్‌గారు ఈ నగరముననే శ్రీ ప్రకాశ్ పదుకొణెగారి వద్ద సాధన చేసిరి. పతకముతో నవ్వు చిత్రములు మనకు కొల్లలు. చెమటోడ్చు చిత్రములే అరుదు. ఆ వెలుగు వానికి దక్కవలెను.