ఎర్ర ముల్లు ఆగే చోట

స్విట్జర్లాండులో రైలెక్కితే కొండలకన్నా ముందు నా కళ్లు కండక్టరు మీదే. జ్యూరిక్ నుంచి జెనీవా పోయే బండిలో జర్మన్‌లో పలకరించి టికెట్ చూసిన మనిషే, ఫ్రిబోర్గ్ దాటాక "బోంజూర్" అంటాడు. ఊళ్ల పేర్లు మారాయని మనం గమనించేలోపే ఆయన మాట మారిపోతుంది.

ఆ ఉద్యోగానికి గుర్తు స్టేషను గడియారంలోనే ఉంది. 1944లో హాన్స్ హిల్ఫికర్ అనే ఇంజినీరు గీసిన గడియారమది. తర్వాత చేర్చిన సెకన్ల ముల్లు, బండి కదలడానికి సిబ్బంది ఒకప్పుడు ఎత్తి చూపిన ఎర్రబిళ్ల కర్ర ఆకారమే. సుమారు 58.5 సెకన్లకే చుట్టు తిరిగొచ్చి, పన్నెండు దగ్గర ఊపిరి బిగబట్టినట్టు నిలబడుతుంది. ప్రధాన గడియారం సంకేతం పంపగానే నిమిషాల ముల్లు ఒక్క గెంతు! ఎన్నిసార్లు చూసినా నాకు చిన్నపిల్లాడి సంబరమే.

ఆ ఆగిన క్షణంలోనే కండక్టరు ప్లాట్‌ఫారం చివరిదాకా ఓసారి చూసి, లోపలికి అడుగేస్తాడు.