ఎముక విరిగితే నేరం జన్యువుదేనా?

మూత్రపిండాలు చెడిపోయి డయాలిసిస్‌పై ఆధారపడే రోగుల ఎముకలు సులభంగా విరుగుతాయి. 2000లో ప్రచురితమైన ఒక అమెరికన్ అధ్యయనం ప్రకారం, వీరిలో తుంటి ఎముక విరగడం సాధారణ ప్రజలలో కంటే దాదాపు 4.4 రెట్లు ఎక్కువ. అయితే ఒకే చికిత్స పొందుతున్నవారిలో కొందరికే ఎందుకు విరుగుతాయి? 'వారి జన్యువులే కారణం' అనే జవాబు తరచుగా వినిపిస్తుంది. అది ఎంత గట్టి జవాబో పరిశీలిద్దాం.

విటమిన్ 'డి'ని చురుకైన హార్మోనుగా మార్చేవి ప్రధానంగా మూత్రపిండాలే. అవి దెబ్బతింటే ఈ హార్మోను తగ్గుతుంది. రక్తంలో ఫాస్ఫేటు పెరుగుతుంది. అప్పుడు పారాథైరాయిడ్ గ్రంథులు అతిగా పనిచేసి, ఎముకల నుంచి కాల్షియాన్ని లాగేస్తాయి. ఇక హార్మోను పనిచేయాలంటే కణాలలో దానిని అందుకొనే గ్రాహకం ఉండాలి. ఆ గ్రాహకపు జన్యువు అందరిలోనూ ఒకేలా ఉండదు. కనుక అనుమానం దానిమీదికి పోవడం సహజమే.

1994లో ఆస్ట్రేలియాకు చెందిన మారిసన్, ఐస్మన్ బృందం 'నేచర్' పత్రికలో ఒక సంచలన వ్యాసం ప్రచురించింది. ఎముక సాంద్రతపై జన్యువుల ప్రభావంలో 75 శాతం దాకా ఈ ఒక్క జన్యువుదేనని అందులో పేర్కొన్నారు. కాని 1997లో ఆ బృందమే దిద్దుబాటు ప్రకటించింది. కొన్ని నమూనాల జన్యురూపాలను తప్పుగా గుర్తించారనీ, అసలు ప్రభావం తక్కువేననీ తేలింది. 2006లో 26,242 మందిపై జరిపిన విశ్లేషణలో, ఈ జన్యువులో పేరుపడ్డ నాలుగు తేడాలకూ ఎముక విరగడానికీ సంబంధం కనబడలేదు. పైగా 1994 నాటి పరిశోధన ఆరోగ్యవంతులపై చేసినది. దాని ఫలితాన్ని హార్మోనే కొరవడిన డయాలిసిస్ రోగులకు నేరుగా అన్వయించడం ఎలా సమంజసం?

దీనికి ముందే డయాలిసిస్ చరిత్ర మనకొక పాఠం చెప్పింది. 1970లలో బ్రిటన్‌లోని న్యూకాజిల్ నగరంలో డయాలిసిస్ రోగుల ఎముకలు విపరీతంగా విరిగేవి. కొన్ని ఇతర నగరాలలో అలా లేదు. న్యూకాజిల్ వారి జన్యువులు బలహీనమా? కాదు. డయాలిసిస్‌కు వాడిన నీటిలో అల్యూమినియం ఉంది! 1979లో వెలువడిన సర్వేలో, 18 బ్రిటిష్ కేంద్రాలను పోల్చి చూస్తే, నీటిలో అల్యూమినియం ఎక్కువ ఉన్నచోటే ఈ జబ్బు కూడా ఎక్కువని వెల్లడైంది. నీటిని శుద్ధి చేయడమే దీనికి విరుగుడయింది.

అంటే జన్యువులకు ఏ పాత్రా లేదని కాదు. ఎముక సాంద్రతతో ముడిపడిన వందలాది జన్యుస్థానాలను 2019 నాటికి గుర్తించారు. అయితే ఒక్కొక్కదాని ప్రభావం స్వల్పమే. 'నీ జన్యువే అంత' అని రోగికి చెప్పేస్తే, నీరు, ఫాస్ఫేటు, మందులు, కాలుజారి పడే ప్రమాదం—మనం సరిదిద్దగలిగిన ఇవన్నీ మరుగున పడతాయి.

'ఫలానా జబ్బుకు జన్యువు దొరికింది' అనే వార్త చదివినపుడు మూడు ప్రశ్నలు వేయండి: ఎంతమందిని పరీక్షించారు? వారు ఎలాంటివారు? మరొకరు చేసి చూసినా అదే ఫలితం వచ్చిందా?