మిల్లు ఊరి సాహిత్యం - మన వలస కథ

తెలంగాణ పల్లెల్లో పిండి పట్టించే చోటును గిర్ని అంటాం. మరాఠీలో గిరణి అంటే మిల్లు. బొంబాయి నడిబొడ్డున పరేల్, లాల్‌బాగ్, వర్లీ, చించ్‌పోక్లీ, బైకుల్లా పేటలన్నిటినీ కలిపి జనం పెట్టుకున్న పేరు గిరణ్‌గావ్. అంటే గిర్నుల ఊరు. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటారు. మరాఠీ మిల్లు కార్మికుడి నోట కూడా సాంచా అంటే మగ్గమే. మాటలు వాటంతటవి ఇంత దూరం నడవవు. మనుషులు మోస్తేనే నడుస్తాయి. మన మనుషులు ఆ ఊరికి పోయారు, అక్కడ బతికారు, మనియార్డర్లు పంపారు, కొందరు తిరిగొచ్చారు. వాళ్ళ వెంట మాటలు వచ్చాయి. సాహిత్యం ఎందుకు రాలేదు? ఈ వ్యాసంలో నేను వేసే ప్రశ్న ఇదొక్కటే. దీనికి జవాబు వెతకాలంటే ముందు ఆ ఊరు ఎట్లా పుట్టిందో, ఎట్లాంటిదో, అక్కడివాళ్ళు దాన్ని ఎట్లా రాసుకున్నారో చూడాలి.

1854లో కావస్జీ దావర్ బొంబాయిలో మొదటి నూలు మిల్లు కంపెనీ పెట్టాడు. 1856లో ఆ మిల్లు నడక మొదలైంది. 1861-65 నాటి అమెరికా అంతర్యుద్ధం వల్ల ఇంగ్లండు మిల్లులకు అమెరికా పత్తి ఆగిపోయి, బొంబాయి పత్తి వర్తకుల చేతిలో డబ్బు కుప్పపడింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో మిల్లుల మీద మిల్లులు లేచాయి. కొంకణ తీరం నుంచి, సతారా కొండల నుంచి, ఉత్తరాది నుంచి, నిజాం రాజ్యపు తెలుగు పల్లెల నుంచి బీదరైతులూ, మగ్గం కూలిన సాలెవాళ్ళూ వచ్చి చేరారు. తెలుగువాళ్ళు అక్కడికి కొత్తవాళ్ళు కాదు. కామాటిపురా అనే పేరే నిజాం ఇలాకా నుంచి ఇళ్ళ పనులకూ, రోడ్ల పనులకూ వెళ్ళిన కామాటీలది. ఫూలే సత్యశోధక ఉద్యమానికి బొంబాయిలో అండగా నిలిచినవాళ్ళలో రామయ్య వెంకయ్య అయ్యవారు వంటి తెలుగు కాంట్రాక్టర్లున్నారు. ఆ ఉద్యమం నుంచి వచ్చిన నారాయణ మేఘాజీ లోఖండేయే మిల్లు కూలీల తొలి సంఘాన్ని నిలబెట్టాడు. కనుక గిరణ్‌గావ్ చరిత్ర మనకు పరాయి చరిత్ర కాదు.

ఆ ఊరి స్వభావాన్ని రెండు విషయాలు నిర్ణయించాయి. మొదటిది, అది నగరంలో ఉన్న పల్లె. చాల్‌లో ఒక్కో గదిలో పదిమంది మగవాళ్ళు వంతులవారీగా నిద్రపోయేవాళ్ళు. రాత్రి పాళీవాడు లేచిపోతే పగటి పాళీవాడు అదే చాప మీద వాలేవాడు. వాళ్ళకు అన్నం పెట్టినవాళ్ళు ఖాణావళి నడిపిన ఆడవాళ్ళు. నెల జీతం వచ్చేదాకా అప్పు మీద వండిపెట్టిన ఈ స్త్రీలు లేకుండా ఏ సమ్మె కూడా వారం దాటి నిలిచేది కాదు. రెండోది, అది రాజకీయంగా మేల్కొన్న ఊరు. 1908లో తిలక్‌కు ఆరేళ్ళ శిక్ష పడితే కార్మికులు ఆరు రోజులు మిల్లులు ఆపారు. లెనిన్ ఆ సమ్మెను గుర్తించి రాశాడు. 1928లో లక్షన్నర మంది దాదాపు ఆరు నెలలు సమ్మె చేశారు. గిర్నీ కామ్‌గార్ యూనియన్ ఆ సమ్మెలోనే ఎదిగింది. ఎర్రజెండా ఆ వీధుల్లో ఇంటి జెండా అయింది.

ఇక్కడితో ఆగితే మనం కీర్తనలు రాస్తున్నట్టే లెక్క. మిల్లు లోపలికి పోవాలి. మగ్గం మీద నాడెలో కండె అయిపోయినప్పుడల్లా నేతగాడు కొత్త కండె పెట్టి, పోగు కొసను నాడె కంటి గుండా నోటితో పీల్చి బయటికి లాగాలి. ఒక నాడెను పలువురి నోళ్ళు తాకుతాయి. ఈ ఒక్క కారణం చూపించి అస్పృశ్యులను నేత ఖాతాలో అడుగుపెట్టనివ్వలేదు. నేత ఖాతాలో కూలి ఎక్కువ. వడికే ఖాతాలో తక్కువ. వాళ్ళ చోటు వడికే ఖాతా. వాళ్ళను అడ్డుకున్నది యజమాని ఒక్కడే కాదు, పక్క మగ్గం దగ్గరి సోదర కార్మికుడు కూడా. 1928 సమ్మె కాలంలో అంబేడ్కర్ లేవనెత్తిన ప్రశ్న ఇదే: నేత ఖాతా తలుపులు అస్పృశ్యులకు తెరవాలన్నది కార్మికుల డిమాండ్లలో ఎందుకు లేదు? ఈ ప్రశ్నను పక్కన పెట్టి గిరణ్‌గావ్ ఐక్యత గురించి ఎంత రాసినా అది సగం సత్యమే. స్త్రీల సంగతీ అంతే. 1920లలో ఆ మిల్లుల్లో ఐదుగురిలో ఒకరి దాకా స్త్రీలు. తర్వాతి దశాబ్దాల్లో యంత్రాల మార్పు పేర, హేతుబద్ధీకరణ పేర వాళ్ళను ఏరివేస్తూ వచ్చారు. మిల్లు మూతపడటం అనేది స్త్రీలకు 1982 కంటే చాలా ముందే మొదలైంది.

నాడె, కండె, ఖాతా అంటూ ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, సాహిత్య విలువ ఈ వివరాల దగ్గరే తేలుతుంది. అణ్ణాభావు సాఠే (1920-1969) మాంగ్ కులంలో పుట్టి, కాలినడకన బొంబాయి చేరి, మిల్లులో పనిచేసి రచయిత అయ్యాడు. 1944లో అమర్ షేక్, గవాణ్‌కర్‌లతో కలిసి ‘లాల్ బావటా కళాపథక్’ను నిలబెట్టాడు. బొంబాయి వైభవాన్ని పొగిడే లావణి పాటలు అంతకుముందే ఉన్నాయి. సాఠే అదే లావణి రూపం తీసుకుని మేడల పక్కన మురికివాడను నిలబెట్టి చూపించాడు. రూపం జనానిది, వస్తువు జనానిది, దృష్టి మాత్రం కొత్తది. 1958 దళిత సాహిత్య సమ్మేళనాన్ని ప్రారంభిస్తూ, ఈ భూమి ఆదిశేషుడి తల మీద కాదు, దళితుల, శ్రామికుల అరచేతుల మీద నిలిచి ఉందన్న అర్థంలో మాట్లాడాడు. శ్రామికులు అనే మాటతో దళితులు అనే మాటను మింగేయలేదు, దళితులు అనే మాటతో శ్రామికులు అనే మాటను విడగొట్టలేదు. రెంటినీ పక్కపక్కన నిలబెట్టాడు. మిల్లు లోపలి ఖాతాల గోడ తెలిసినవాడు కనుకనే అట్లా నిలబెట్టగలిగాడు.

నారాయణ్ సుర్వే (1926-2010) కన్నవాళ్ళెవరో తెలియని బిడ్డ. గంగారాం సుర్వే అనే మిల్లు కార్మికుడు తెచ్చి పెంచుకున్నాడు. సుర్వే మిల్లులో కూలి చేశాడు, మునిసిపల్ బడిలో ప్యూనుగా చేరాడు, తర్వాత బడిపంతులయ్యాడు. నేనూ బడిపంతులునే కాబట్టి ఈ వరుస నన్ను ప్రత్యేకంగా ఆకర్షిస్తుంది. 1966లో వచ్చిన ఆయన సంపుటి పేరు ‘మాఝే విద్యాపీఠ్’, అంటే నా విశ్వవిద్యాలయం. గోర్కీ ఆత్మకథ మూడో భాగం పేరు మనకు వెంటనే గుర్తొస్తుంది. అయితే పోలిక పేరుతోనే ఆగదు. మార్క్స్ మీద ఆయన రాసిన కవితలో మార్క్స్ సిద్ధాంతకర్తగా వేదిక మీద కనిపించడు. సమ్మె ఊరేగింపులో ఒక అక్క మార్క్స్‌ను తమ ఇంటి పెద్దమనిషి లాగా, ఏ దేశంలో పుట్టాడో, ఎంత రాశాడో, ఎక్కడ మట్టిలో కలిశాడో చెప్పి కవికి పరిచయం చేస్తుంది. మన అభ్యుదయ కవిత్వంలో మార్క్స్ పేరు తక్కువ సార్లు రాలేదు. కాని ఇట్లా పక్కింటి అక్క నోటి మీదుగా ఎన్నిసార్లు వచ్చింది? మరాఠీని నేను హిందీ, ఇంగ్లీషు అనువాదాల్లోనే చదువుకున్నాను. అనువాదంలో శబ్దం పోతుంది. పోయిన తర్వాత కూడా సుర్వే కవితలో మనుషులు మిగులుతున్నారు. అది కవిత్వపు గట్టితనానికి రుజువు.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వాన సుమారు రెండున్నర లక్షల మంది సమ్మెలోకి దిగారు. వేతనాలు, బోనసు, బద్లీ కార్మికుల స్థితి, ఒకే సంఘానికి గుర్తింపు కట్టబెట్టిన 1946 చట్టం - ఇవీ సమస్యలు. ఆ సమ్మెను విరమించినట్టు ఎవరూ ప్రకటించలేదు. అది ముగియలేదు, అరిగిపోయింది. తర్వాత తేలింది, యజమానులకు మగ్గాల కంటే నేల విలువ ఎక్కువని. 1991 నిబంధన ప్రకారం అమ్మకానికొచ్చిన మిల్లు నేలలో మూడో వంతు ఖాళీ జాగాలకూ, మూడో వంతు ప్రభుత్వ గృహాలకూ పోవాలి. 2001 సవరణ ఆ లెక్కను కట్టడాలు లేని ఖాళీ నేలకే కుదించింది. 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణనే ఖాయం చేసింది. ఇళ్ళ కోసం దరఖాస్తు పెట్టుకున్న మిల్లు కార్మిక కుటుంబాలు లక్షకు పైనే. లాటరీలో దక్కింది కొందరికి. ఫీనిక్స్ మిల్లు ఇవాళ పెద్ద మాల్. దాని చిమ్నీ మాత్రం అలంకారంగా నిలిచి ఉంది.

చిమ్నీని అలంకారంగా నిలబెట్టడం వర్తకుడి పని. రచయిత కూడా అదే పని చేసే ప్రమాదం ఉంది. మూతపడిన మిల్లు మీద రాసే రచనల్లో ఒక మూస తయారైంది: ఆగిపోయిన సైరను, తుప్పు పట్టిన గేటు, దగ్గుతున్న ముసలి కార్మికుడు, ‘ఆ రోజులే వేరు’ అనే మాట. ఈ మూసలో ఆ రోజుల కూలి ఎంతో ఉండదు, బద్లీ కార్మికుడు పొద్దున్నే గేటు దగ్గర పని దొరుకుతుందో లేదో తెలియక నిలబడటం ఉండదు, వడికే ఖాతా గోడ ఉండదు. దుఃఖం మాత్రం ఉంటుంది. కారణం లేని దుఃఖం పాఠకుడి మనసును తడుపుతుంది, బుద్ధిని నిద్రపుచ్చుతుంది. జయంత్ పవార్ ఈ మూసలో పడలేదు. ఆయన ‘అధాంతర్’ నాటకం (1997) సమ్మె తర్వాత ఒక కార్మిక కుటుంబం గాలిలో వేలాడిన తీరును చూపుతుంది. ఇంటిలో ఎవరు ఎందుకు ఏ దారి పట్టారో లెక్క చెబుతుంది. సాహిత్య అకాడెమీ బహుమతి పొందిన ఆయన కథల సంపుటి పేరులోనే ఫీనిక్స్ బూడిద నుంచి నెమలి లేచింది. బూడిద ఎవరిదో, నెమలి ఎవరిదో పాఠకుడే తేల్చుకోవాలి.

ఇప్పుడు మన సంగతి. మన తెలుగు పాఠకుడికి ఫ్యాక్టరీ కూత బాగా పరిచయమైంది గోర్కీ ‘అమ్మ’ మొదటి పేజీలో. శ్రీశ్రీ ‘ప్రతిజ్ఞ’ గనినీ, కార్ఖానానూ కవిత్వంలోకి తెచ్చి తలుపు తీసింది. తీసిన తలుపులోంచి లోపలికి పోయి ఫలానా కార్ఖానాలో, ఫలానా యంత్రం ముందు, ఫలానా మనిషి ఏం చేస్తాడో చెప్పే బాధ్యత తర్వాతివాళ్ళది. నేను చదివిన మన వలస కథల్లో ఎక్కువ భాగం బస్టాండు దాకా వచ్చి ఆగిపోయాయి. మనిషి బొంబాయి బస్సెక్కగానే కథలోంచి మాయమవుతాడు. కథ ఇంటి దగ్గరి భార్య దగ్గర, ఎండిన బావి దగ్గర ఉండిపోతుంది. ఆమె కథ చిన్నదని నేను అనడం లేదు. కాని అతను మిగిలిన పదకొండు నెలలూ ఏం చేశాడు? ఏ ఖాతాలో చేశాడు? నేత తెలిసిన సాలెవాడికి దొరికిన మగ్గం, అతని ఊరి మాల, మాదిగ కూలీకి ఎందుకు దొరకలేదు? అతను సమ్మెలో నిలబడ్డాడా, 1982లో ఊరికి తిరిగొచ్చాడా, భీవండి మరమగ్గాల మీదికి మళ్ళాడా? ఈ ప్రశ్నలు వేయని కథ వలసను ఒక దురదృష్టంగా చూపిస్తుంది. వలస దురదృష్టం కాదు, ఒక ఏర్పాటు. పల్లె ఖర్చు మీద మనిషిని పెంచి, వయసులో ఉన్నప్పుడు నగరం వాడుకుని, అరిగాక తిరిగి పల్లె మీదికే పంపే ఏర్పాటు.

రచయిత ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరా, వివరాల జాబితా కథ అవుతుందా అని మిత్రులు అడగవచ్చు. జాబితా కథ కాదు. కాని నాడెను నోటితో పీల్చే ఆ ఒక్క చర్య తెలిసిన రచయితకు వేరే ఉపన్యాసం అక్కర్లేదు. కులమూ, కూలీ, క్షయ భయమూ ఆ ఒక్క చర్యలోనే ఉన్నాయి. తెలియని రచయిత మాత్రం ఆ మూడింటినీ మూడు పేజీల వ్యాఖ్యానంలో చెప్పవలసి వస్తుంది. మనం వస్తువు, రూపం అని విడదీసి వాదించుకునే చాలా సమస్యలు నిజానికి ఈ తెలియకపోవడం నుంచి పుట్టినవే.

1982లో ఇరవై ఏళ్ళవాడికి ఇప్పుడు అరవై దాటింది. బొంబాయి మిల్లుల్లో పనిచేసి తిరిగొచ్చినవాళ్ళు కరీంనగర్, సిరిసిల్ల, నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఇంకా కొందరు ఉన్నారు. ఇంకో పదేళ్ళకు ఎంతమంది ఉంటారో చెప్పనక్కర్లేదు. తెలుగు ఎం.ఎ. చదివే విద్యార్థులు ‘శ్రామిక చైతన్యం’ మీద మరొక సిద్ధాంత గ్రంథం మొదలుపెట్టే ముందు వాళ్ళ దగ్గర కూర్చోవాలి. ఎంత బాధపడ్డావు తాతా అని కాదు, ఏ ఖాతా, ఎన్ని సాంచెలు, పక్క మగ్గం ఎవరిది, ఎవరిని రానివ్వలేదు అని అడగాలి. బాధ అడిగితే మనకు తెలిసిన జవాబే వస్తుంది. పని అడిగితే తెలియనిది వస్తుంది.