ఇద్దరు షిగేరులు, ఒక చావు లెక్క

జపాన్‌లో షిగేరు అన్నది మగపిల్లలకు మామూలుగా పెట్టే పేరే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత దేశాన్ని నడిపిన ప్రధాని యోషిదా షిగేరు, కాగితపు గొట్టాలతో ఇళ్లు కట్టి 2014లో ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్న వాస్తుశిల్పి బాన్ షిగేరు, మాంగా అనే జపాన్ బొమ్మల కథల చిత్రకారుడు మిజుకి షిగేరు, వీడియో గేముల్లో మారియోను పుట్టించిన మియమోతో షిగేరు. ఈ నలుగురి అసలు పేరూ ఒకే అక్షరంతో రాసేదే. పేరు కలిసింది కదా అని నలుగురినీ ఒకే గాటన కట్టలేం. ప్రధానినీ వాస్తుశిల్పినీ పక్కన పెడితే, మిగిలిన ఇద్దరి పోలిక మాత్రం పేరుతో ఆగేది కాదు. ఇద్దరికీ చిన్న ఊళ్లో గడిచిన బాల్యమే పెట్టుబడి. ఇద్దరూ పిల్లల కోసం చీకటికి బొమ్మ కట్టారు. జపాన్ ప్రభుత్వం ఇద్దరినీ సంస్కృతికి సేవ చేసిన విశిష్ట వ్యక్తులుగా గుర్తించింది, మిజుకిని 2010లో, మియమోతోను 2019లో.

మామూలుగా వీళ్లను ఎదురెదురుగా నిలబెడుతుంటారు. ఒకడు పాత జానపదానికి కాపలాదారు, ఇంకొకడు ఎలక్ట్రానిక్ వినోదానికి ఆద్యుడు అని. చెప్పుకోవడానికి సుఖంగా ఉండే ఈ విభజన కాస్త తరచి చూస్తే నిలవదు. మిజుకి పూర్తిగా మార్కెట్ మనిషి. వీధుల్లో బొమ్మల పెట్టెతో కథ చెప్పే కామిషిబాయ్‌కి బొమ్మలు వేసి, అద్దె పుస్తకాల దుకాణాలకు మాంగాలు గీసి, 1965 నుంచి వారపత్రికకు, 1968 నుంచి టీవీకి ఎక్కినవాడు. మియమోతో ఆటల నిండా గుహలు, తోటలు, పుట్టగొడుగులు. పాత కొత్తల కొలబద్ద ఇక్కడ పనికిరాదు. వీళ్లిద్దరూ నిజంగా విడిపోయేది చావు దగ్గర. చచ్చినవాడు తిరిగి రావచ్చా, వస్తే ఎవరు రావచ్చు అన్న ప్రశ్నకు ఒకరు చెప్పిన జవాబు మరొకరికి పొసగదు.

పేరుతో వీళ్లు ఆడుకున్న తీరే ముందుగా చూడొచ్చు. మిజుకి అసలు ఇంటిపేరు మురా. మిజుకి అన్నది కోబెలో ఆయన నడిపిన అద్దె ఇళ్ల భవనం పేరు నుంచి వచ్చింది. చిన్నప్పుడు 'షిగేరు' పలకడం రాక 'గెగేరు' అనేవాడు, తోటి పిల్లలకు 'గెగె' అయ్యాడు. ఆ ముద్దుమాటే తర్వాత 'గెగెగె నో కితారో' అని ఆయన ప్రసిద్ధ రచనకు శీర్షికగా ఎక్కింది. మియమోతో చేసింది దీనికి పూర్తిగా తలకిందులు. 1986 నాటి ఆయన ఆట 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా' చివర దర్శకుడి పేరు ఎస్. మియహోన్ అని పడుతుంది. ఇంటిపేరులోని అక్షరాన్ని మరోలా చదివి వేసుకున్న మారుపేరు అది. ఒకరు తన పేరును రచన నుదుటి మీద పెడితే, ఇంకొకరు ఆట చివర ముసుగు వేసి పంపారు. వాళ్ల కళలు కూడా అంతే. మిజుకి పుటల్లో మిజుకి కనిపిస్తూనే ఉంటాడు. మియమోతో ఆటలో ఆడేవాడే కనిపించాలి.

1922లో ఒసాకాలో పుట్టిన మిజుకి సముద్రపు ఒడ్డున ఉన్న సకాయిమినాతోలో పెరిగాడు. అక్కడ నోన్నోన్‌బా అని పిలిచే ముసలమ్మ ఆయనకు యోకాయ్‌ల సంగతులు చెప్పేది. మన దెయ్యం అన్న మాటలో యోకాయ్ పూర్తిగా ఇమడదు. ఇంటి పైకప్పు మీద మరక కనిపిస్తే, దాన్ని నాకిపోయిన జీవికి ఒక పేరుంటుంది. చీకటి స్నానాలగదిలో మురికి నాకే జీవికి ఇంకో పేరు. ముసలమ్మ భయాన్ని పోగొట్టలేదు, దానికి చుట్టరికం కలిపింది. 1952లో క్యోతో దగ్గరి సోనోబెలో పుట్టిన మియమోతోకు దొరికింది ఒక గుహ. లాంతరు పట్టుకుని దాంట్లోకి వెళ్లిన సంగతి ఆయన ఇంటర్వ్యూల్లో పలుమార్లు చెప్పాడు. 'జెల్డా' మొదటి తెర మీదే ఒక గుహ నోరు తెరుచుకుని ఉంటుంది. లోపలికి వెళితే ఒక ముసలాయన కత్తి చేతికిస్తాడు. నోన్నోన్‌బా పిల్లవాడికి పేర్లు ఇచ్చింది, ఈ ముసలాయన ఆయుధం ఇచ్చాడు. పేరు తెలిసినవాడు చీకటి పక్కన కూర్చోగలడు, కత్తి దొరికినవాడు దాన్ని దాటి అవతలికి పోవాలనుకుంటాడు.

ఈ తేడా గోడల దగ్గర మరింత తేటపడుతుంది. రాత్రిపూట బాటసారికి అడ్డంగా నిలిచే కనిపించని గోడ పేరు నురికాబె. జానపద పరిశోధకుడు యనగిత కునియొ నమోదు చేసిన ఈ నమ్మకానికి చేతులు, కాళ్లు, దిగులు కళ్లు పెట్టి ఇవాళ అందరికీ తెలిసిన రూపం ఇచ్చింది మిజుకే. రెండో ప్రపంచ యుద్ధంలో న్యూ బ్రిటన్ దీవి అడవిలో సిపాయిగా పారిపోతున్నప్పుడు తనకూ అలాంటి గోడ అడ్డు తగిలిందని ఆయన చెప్పేవాడు. దాన్ని కొట్టి లాభం లేదు. కర్రతో కింది భాగాన్ని ఊడ్చినట్టు చేస్తే మాయమవుతుందని జానపదుల మాట. 1985 నాటి 'సూపర్ మారియో బ్రదర్స్'లోనూ గాల్లో గోడలే ఉంటాయి. కొన్నయితే కంటికి కూడా కనిపించవు. వాటిని కింది నుంచి తలతో గుద్దాలి. గుద్దితే నాణెం, అదృష్టం బాగుంటే పుట్టగొడుగు. మిజుకి గోడ, లోకం నీకోసం కట్టింది కాదు ఆగు అంటుంది. మియమోతో గోడ, నీకోసమే కట్టాను కొట్టు అంటుంది. మొదటి అంకం మొదటి తెరే దీనికి సాక్ష్యం. పుట్టగొడుగు పెట్టెలోంచి వచ్చి కుడివైపు జారి, గొట్టానికి తగిలి వెనక్కి తిరిగి ఆటగాడి మీదికే వస్తుంది. తప్పించుకుందామన్నా మేలు జరిగిపోతుంది. ఒక్క అక్షరం రాయకుండా పాఠం చెప్పిన ఇంత మర్యాద వేరే ఆటల్లో అరుదు.

బొమ్మ కట్టే పనిలో ఇద్దరి చేతిలో ఉన్నదీ చుక్కే. మిజుకి పుటలో మనిషి ముఖం నాలుగు గీతల్లో తేలిపోతుంది. వెనక అడవి, కొండ, పాడుబడ్డ గుడి మాత్రం లెక్కలేనన్ని సిరా చుక్కలతో, సన్నగీతలతో చిక్కగా నిండి ఉంటాయి. ఆ నేపథ్యాలకు త్సుగే యోషిహారు లాంటి ఘనులు సహాయకులుగా పనిచేశారు. అంత బరువైన లోకంలో మనిషి తేలికైన చేరికలా కనిపిస్తాడు. మియమోతోకు తెర మీద దొరికినవి కొద్దిపాటి వెలుగు చుక్కలే. నోరు గీసే చోటు లేక మీసం, జుట్టు తప్పించడానికి టోపీ, చేతుల కదలిక తెలియడానికి ఓవరాల్స్ పెట్టాడు. వెనక ఆకాశం చదునైన నీలం. ఎక్కడ కాలు పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో ఒక్క చూపులో తెలియాలి. 1990ల్లో తెలుగు ఇళ్లలో టీవీకి తగిలించిన నకలు వీడియో గేముల్లో, ఏ భాషా రాకున్నా పిల్లలు మారియోను ఆడేశారంటే ఈ స్పష్టతే కారణం. మిజుకి సిరా లోకాన్ని అర్థంకానంత దట్టం చేసింది. మియమోతో వెలుగు దాన్ని అర్థమయ్యేంత పలచన చేసింది.

ఇక అసలు సంగతికి వద్దాం. సైన్యం 1943లో మిజుకిని పిలిపించి న్యూ బ్రిటన్ దీవికి పంపింది. ఆయన కాపలాలో ఉన్న వేళ శత్రువు దాడి చేసి, ఆ చిన్న శిబిరంలోని తోటి సిపాయిలను హతమార్చాడు. అడవులు, సముద్రం దాటి ఒంటరిగా తన దళాన్ని చేరితే, ప్రాణాలతో ఎందుకొచ్చావని నిందించారు. తర్వాత మలేరియా పట్టుకుంది, వైమానిక దాడిలో ఎడమచేయి పోయింది. ఒంటిచేత్తోనే ఆయన జీవితమంతా గీశాడు. బతికి రావడమే నేరమైన ఆ లెక్క 1973లో 'సోయిన్ గ్యొకుసాయ్ సెయో' అనే పుస్తకమైంది. అందులో ఒక దళం ఘనమరణం పొందిందని పైవాళ్లకు నివేదిక వెళ్లిపోతుంది. కొందరు బతికే ఉన్నారని తర్వాత తెలుస్తుంది. కాగితం నిజం కావాలంటే మనుషులు చావాలి. కాబట్టి వాళ్లను మళ్లీ చావుకు పంపుతారు. పుస్తకమంతా హాస్యబొమ్మల్లా నడిచిన సిపాయిలు చివరి పుటల్లో శవాలై, ఫోటో అంత కచ్చితమైన సిరాలో పడి ఉంటారు.

అదే మిజుకి సృష్టి కితారో చచ్చిన తల్లి సమాధిలోంచి పుట్టాడు. అతని తండ్రి కుళ్లిపోయిన దేహంలోంచి కన్నుగుడ్డుగా మిగిలి కొడుకు వెంట తిరుగుతుంటాడు. కితారోను కరిగించినా మింగినా మళ్లీ వస్తాడు. అంటే మిజుకి లోకంలో తిరిగి రావడం ఉంది, కానీ అది యోకాయ్‌ల హక్కు. మనిషికి లేదు. మియమోతో ఈ హక్కును మనిషి చేతికిచ్చాడు. ఆట మొదట్లోనే మూడు ప్రాణాలు, నూరు నాణేలు పోగేస్తే ఇంకొకటి. చావు ఇక్కడ గురువు: గుంత ఎక్కడుందో చెప్పి వెనక్కి పంపుతుంది. యుద్ధం ముగిసి ఏడేళ్లకు పుట్టినవాడికి చావు ఆటవస్తువైందని ఇంతటితో తీర్పు చెప్పేస్తే తొందరపాటే. 2001లో మియమోతో నిర్మాతగా వచ్చిన 'పిక్మిన్' ఆ తీర్పుకు అడ్డం వస్తుంది.

అందులో ఓడ కూలి దిక్కులేని గ్రహం మీద పడ్డ కెప్టెన్ ఓలిమార్‌కు ఉన్న గడువు 30 రోజులు. నేలలోంచి మొక్కల్లా పీకితే వచ్చే పిక్మిన్‌లు ఒకేసారి నూరు వరకు అతని వెంట నడుస్తాయి. ఈల ఊదితే ఎక్కడికైనా వస్తాయి, విసిరితే ఎంత పెద్ద జంతువు మీదైనా పడతాయి. ఎందుకని అడగవు. చచ్చినప్పుడు చిన్న కేకతో ఆత్మ పైకి లేస్తుంది. పొద్దు వాలేలోగా చేర్చుకోలేనివాటిని రాత్రి మృగాలు తింటాయి. రోజు చివర పోయినవాటి లెక్క తెర మీద పడుతుంది. 1973 పుస్తకంలోని దళపతీ ఓలిమారూ ఒకే పీట మీద కూర్చున్నారు. ప్రశ్నించని వందమందిని తన అవసరానికి చావు వైపు నడిపే అధికారం ఇద్దరికీ ఉంది. తేడా అంతా లెక్కలో ఉంది. మిజుకి చూపిన సైన్యం బతికున్నవాళ్లను చచ్చినవాళ్ల ఖాతాలో రాసింది. మియమోతో ఆట చచ్చినవాటిని దాచకుండా చూపిస్తుంది, కానీ మర్నాడు ఉదయం కొత్త మొలకలతో ఆ ఖాతా సరిచేసేస్తుంది.

అందుకే నా దృష్టిలో కళగా మిజుకిదే పెద్ద చేయి. చావు సరిచేయలేనిదని ఆయన సిపాయి వైపు నుంచి చెప్పాడు. ఆ చూపు మియమోతోకు లేదు, ఆయన ఆట ఎప్పుడూ దళపతి కుర్చీలోంచే నడుస్తుంది. కానీ మిజుకికి అందనిది ఒకటి ఆ కుర్చీలో ఉంది. ఆయన పుస్తకం చదివేవాడు సిపాయి పక్షాన నిలబడి పై అధికారులను శపిస్తాడు, పుస్తకం మూసేసరికి తన చేతులు శుభ్రంగానే ఉంటాయి. 'పిక్మిన్' ఆడేవాడికి ఆ వెసులుబాటు లేదు. ఈల ఊదిన వేలు తనదే, పొద్దు వాలేవేళ మిగిలినవాటిని వదిలి ఓడ ఎక్కిందీ తనే. యుద్ధం గురించి సిపాయి సాక్ష్యం కావాలంటే మిజుకి దగ్గరికే పోవాలి. ఆజ్ఞ ఇచ్చేవాడి సుఖం ఎంత తేలికో తెలియాలంటే మియమోతో ఆట చాలు. ఆ సుఖం ఎటు దారితీస్తుందో చెప్పడానికి మాత్రం 1973 నాటి ఆ చివరి పుటలే కావాలి.