ఎన్నికల భాషలో బంధువాచకాలు: రాజమహేంద్రవరం నేపథ్యంలో ఒక పరిశీలన

‘మా ఇంట్లో నాలుగు ఓట్లున్నాయి’ అనే మాట గోదావరి జిల్లాల్లో ఎన్నికల వేళ వింటూనే ఉంటాం. ఈ లెక్కలో ఓటు వ్యక్తిది కాదు, ఇంటిది. పెద్దవారు మాట ఇస్తే నాలుగూ ఒకే గుర్తుకు పడతాయన్న నమ్మకం అందులో ఉంది. ఎన్నికల భాష ఈ నమ్మకాన్ని ఎలా పోషించిందో, ఓటర్లు దానిని ఎంతవరకు మన్నించారో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

1982లో తెలుగుదేశం స్థాపనతో ‘ఆడపడుచు’ ప్రధాన రాజకీయ సంబోధన అయింది. ఇది సాపేక్ష పదం. పుట్టింటికి ఆమె ఆడపిల్ల. వదినకు భర్త తోబుట్టువు. ఇల్లు లేనిదే ఆడపడుచు లేదు. గౌరవిస్తూనే స్త్రీని ఇంటితో ముడివేసే పిలుపు ఇది. అయితే ఆ ప్రభుత్వమే 1986లో ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కుమార్తెలకు సమాన హక్కు కల్పించే సవరణ చట్టం తెచ్చింది. ఆడపడుచు అక్కడ హక్కుదారు అయింది. 2019 నాటి ‘పసుపు–కుంకుమ’ ఆమెను తిరిగి కానుక పుచ్చుకునే స్థానంలో నిలిపింది. పుట్టింటివారు ప్రేమతో ఇచ్చే సొమ్ముకూ భూమికీ వాడుకలో ఉన్న పేరు అది. హక్కును నిలదీసి అడగవచ్చు. కానుకకు కృతజ్ఞత చూపాలి.

2020 జనవరిలో ప్రారంభమైన ‘జగనన్న అమ్మ ఒడి’ పేరులో రెండు బంధువాచకాలున్నాయి. దాత అన్న, గ్రహీత అమ్మ. 2023 మే నెలలో రాజమహేంద్రవరం మహానాడులో ప్రకటించిన ‘తల్లికి వందనం’లో దాత పేరు లేదు, ‘ఆడబిడ్డ నిధి’ మాత్రం మళ్ళీ పుట్టింటి మాటే.

ఈ పిలుపులు ఓటును కట్టివేశాయా? 175 స్థానాల శాసనసభలో ‘పసుపు–కుంకుమ’ ఇచ్చిన పార్టీకి 2019లో 23, ‘అమ్మ ఒడి’ ఇచ్చిన పార్టీకి 2024లో 11 స్థానాలే దక్కాయి. రాజమహేంద్రవరం లోక్‌సభ స్థానంలో 2009లో కాంగ్రెస్, 2014లో తెలుగుదేశం, 2019లో వైఎస్సార్ కాంగ్రెస్, 2024లో కూటమి తరఫున భారతీయ జనతా పార్టీ గెలిచాయి. 2024లో గెలిచిన కూటమి కూడా బంధువాచకాలనే వాడింది కదా అన్న ఆక్షేపణ సమంజసమే. కనుక ఆ మాటలకు ఆకర్షణ లేదనలేం. అందుకున్న కానుకకు ఓటు రుణం తీర్చాలన్న వాటి అంతరార్థం మాత్రం నిలవలేదు.

ఏ ఇంట్లో ఎవరు మనసు మార్చుకున్నారో ఫలితాల పట్టిక చెప్పదు. మామగారు మారారా, కోడలు మారిందా అన్నది రహస్య బ్యాలెట్ దాచిపెడుతుంది. ‘మహిళలు ఇటు మొగ్గారు’ అనే తీర్పులను కేవలం సీట్ల సంఖ్యపై నిలపరాదు. ఆ గోప్యతే కోడలికి రక్షణ. ఇంట్లో తలూపి, బూత్‌లో తన నిర్ణయం తాను తీసుకునే వీలు ఆమెకు అక్కడే దొరికింది.

అమ్మ, అన్న, ఆడపడుచు అన్న మాటలు ఎవరికో ఒకరికి ఏదో ఒకటి అయిన మనిషినే చెబుతాయి. ఆ బంధాల నడుమ మనసు మార్చుకోవడం ద్రోహంలా ధ్వనిస్తుంది. ‘ఓటరు’ అన్న అన్యదేశ్యంలో ఆప్యాయత లేదు. కానీ మనసు మార్చుకునే స్వేచ్ఛకు చోటిచ్చింది ఆ పొడి మాటే.