పొరుగువారి తీర్మానం, ఇంటివాడి గొంతు

దేశాధినేతల తీర్మానాలతో సాహిత్య విమర్శకుడికేం పని అని పాఠకులు నవ్వవచ్చు. మొదట నేనూ అలాగే అనుకున్నాను. ఫిజీకి సంబంధించిన రెండు రచనల్ని పక్కపక్కన పెట్టి చదివాక ఆ అభిప్రాయం మార్చుకున్నాను. ఒకటి, 2000 అక్టోబరులో కిరిబాతిలో పసిఫిక్ ద్వీపాల ఫోరం నాయకులు ఆమోదించిన బికెటావా ప్రకటన. రెండోది, చరిత్రకారుడు బ్రిజ్ లాల్ 2001లో ఇంగ్లీషులో వెలువరించిన 'మిస్టర్ తులసీస్ స్టోర్'. మొదటిది ప్రభుత్వాలు రాసుకున్నది. రెండోది ఒక గిర్మిట్ కూలీ మనవడు రాసినది.

ఫిజీ మనకు మరీ పరాయి దేశమేమీ కాదు. 1879, 1916 మధ్య అరవై వేల మందికి పైగా మన దేశం నుంచి చెరకు తోటల కూలికి ఓడలెక్కారు. 1903 నుంచి మద్రాసు రేవులో ఎక్కినవాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. 'అగ్రిమెంటు' అన్న మాట వాళ్ళ నోట 'గిర్మిట్' అయింది. అక్కడ తెలుగువాడూ తమిళుడూ ఒక్క 'మద్రాసీ' కిందే జమ అయ్యారు. 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు. ఆ పేరు వెనుక ఉన్న ఆరాటం ఏమిటో హోసూరు వాళ్ళకీ బరంపురం వాళ్ళకీ విడమరచి చెప్పనక్కరలేదు.

ఇక ప్రకటన సంగతి. 2000 మే నెలలో జార్జ్ స్పైట్ ముఠా ఫిజీ పార్లమెంటులో చొరబడి, భారత సంతతికి చెందిన తొలి ప్రధాని మహేంద్ర చౌదరిని, ఆయన సహచరులను 56 రోజులు బందీలుగా ఉంచింది. ఆ తర్వాతే పొరుగు దేశాలు ఈ ప్రకటన రాసుకున్నాయి. జాతి, రంగు, మతం చూడకుండా పౌరులందరికీ సమాన హక్కులు ఉండాలని అందులో ఉంది. మూలవాసుల హక్కుల్నీ ఆచారాల్నీ కాపాడాలనీ ఉంది. రెండూ మంచి మాటలే. ఫిజీలో కొట్లాటంతా ఆ రెంటి మధ్యనే కదా! అవి ఢీకొన్నప్పుడు ఏం చెయ్యాలో మాత్రం ప్రకటన చెప్పదు. సంప్రదింపులు, మధ్యవర్తులు, ప్రత్యేక సమావేశం అంటూ మెట్ల వరుస చూపించి ఊరుకుంటుంది. ప్రభుత్వం మాట్లాడుతుంది, ఫోరం మాట్లాడుతుంది. ప్రజలు ఎవరో కాపాడవలసిన వస్తువులా ఒక మూల నిలబడి ఉంటారు.

2006 డిసెంబరు 5న సైన్యాధిపతి బైనిమరామ ప్రభుత్వాన్ని కూలదోశాడు. 2009లోపు ఎన్నికలు జరపాలనీ, మే 1 కల్లా తేదీ చెప్పాలనీ ఫోరం గడువు పెట్టింది. ఏప్రిల్ 10న ఫిజీలో రాజ్యాంగమే రద్దయింది. న్యాయమూర్తులను తొలగించారు, పత్రికల మీద సెన్సారు వచ్చింది. మే 2న ఫోరం ఫిజీని సస్పెండ్ చేసింది. ఒక సభ్యదేశాన్ని అలా బయట పెట్టడం ఫోరం చరిత్రలో అదే మొదలు. విచిత్రమేమంటే ఆ ఫోరం కార్యాలయం ఉన్నది ఫిజీ రాజధాని సువాలోనే.

ఈ కథ మా ఊళ్ళో ఒక మిత్రుడితో చెబితే ఆయన, "ఎన్నికలు లేకపోతే ఏమైందప్పా, జాతి చూడకుండా అందరికీ ఒకే ఓటు ఇస్తానన్నాడు కదా? మనోళ్ళకి మేలే కదా?" అన్నాడు. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. అక్కడి భారతీయుల్లోనూ చాలామంది అలాగే అనుకున్నారు. ఒకప్పుడు బందీగా ఉన్న చౌదరి కూడా 2007లో బైనిమరామ మంత్రివర్గంలో చేరాడు.

నాకు జవాబు దొరికింది ఫోరం ప్రకటనలో కాదు, బ్రిజ్ లాల్ దగ్గర. తబియా అనే చెరకు పల్లెలో పెరిగినవాడాయన. పత్రాలు దొరకని చోట జ్ఞాపకాన్నీ కల్పననూ కలిపి రాస్తాడు. దానికి 'ఫ్యాక్షన్' అని పేరు పెట్టుకున్నాడు. మన సీమ ఫ్యాక్షన్ కాదు లెండి, ఫ్యాక్టూ ఫిక్షనూ కలిపిన మాట. తాత బయలుదేరిన బహ్రాయిచ్‌కి తిరిగి వెళ్ళడం గురించి రాసినా, పల్లె గురించి రాసినా, ఆయన మనుషులు ఎవరి దయకోసమూ ఎదురు చూసే గుంపుగా కనిపించరు. ఒక్కొక్కరికి ఒక పేరు, ఒక పట్టుదల ఉంటాయి.

ఈయన 1995-96లో రాజ్యాంగ సమీక్షా సంఘంలోని ముగ్గురిలో ఒకడు. 70 స్థానాల్లో 45 జాతి ప్రసక్తి లేకుండా ఉండాలని ఆ సంఘం సూచించింది. పార్లమెంటు దాన్ని తిరగేసి, 1997 రాజ్యాంగంలో 71కి 46 జాతులవారీగానే ఉంచింది. అంటే సైన్యాధిపతి తర్వాత చూపిన ఆశ లాల్‌కి కొత్తదేమీ కాదు. అయినా తుపాకీ చేత్తో వచ్చేది వద్దన్నాడు. 2009 నవంబరులో ఆయన్ను పుట్టిన దేశం నుంచి వెళ్ళగొట్టారు. దయగా వచ్చిన సమానత్వాన్ని ఇచ్చినవాడే వెనక్కి తీసుకోగలడు. నా మిత్రుడికి నేను ఆలస్యంగా ఇచ్చుకున్న జవాబు ఇదే.

మరి పొరుగువారి ఒత్తిడి వృథా పోయిందా? ఫిజీ ఎన్నికలు 2014 సెప్టెంబరులో, సైన్యాధిపతి పెట్టుకున్న గడువు ప్రకారమే జరిగాయి. ఫోరం తలుపు మూస్తే ఆయన చైనా వైపు చూశాడు, 2013లో పోటీగా మరో వేదికే పెట్టాడు. యూరోపియన్ యూనియన్ చక్కెర సాయం ఆపితే దెబ్బ తిన్నది చెరకు రైతు, అంటే ఎక్కువగా గిర్మిట్ సంతతే. ఈ లెక్కన ఫలితం స్వల్పం. అయినా తప్పును తప్పని పదిమందిలో రాసిపెట్టడం చిన్న పని కాదు. లోపల నోరు నొక్కిన రోజుల్లో బయట ఆ ఒక్క వాక్యమైనా ఉండాలి. నా ఫిర్యాదు ఆ వాక్యం ఉన్నందుకు కాదు, అందులో మనిషి లేనందుకు.

లాల్ 2021 డిసెంబరులో పరదేశంలోనే పోయాడు. ఆయన మీద నిషేధాన్ని 2022 ఎన్నికల తర్వాత వచ్చిన ప్రభుత్వం ఎత్తివేసింది. ఆ ప్రభుత్వాధినేత రంబుకా. 1987లో ఫిజీలో మొదటి సైనిక కుట్ర చేసినవాడు ఆయనే. 2023 మేలో అందుకు క్షమాపణ చెప్పుకున్నవాడూ ఆయనే. ఏ ఫోరమూ గడువు పెట్టని క్షమాపణ అది.